పసుపు రాసిన పొయ్యి

చోడవరం వెళ్ళొచ్చి పదిహేను రోజులైంది. నా కోపం ఇంకా దిగలేదు. "అంత దూరం వెళ్ళి ఏం చూసొచ్చావు?" అని స్టాఫ్ రూములో అడిగినవాళ్ళకి చెప్పడం మొదలుపెడతాను. సగంలోకి వచ్చేసరికి నా గొంతు పెద్దదైపోతుంది. వాళ్ళు గంట కొట్టారంటూ లేచిపోతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో లేచి వెళ్ళిపోదు.

నేను కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా నాకు ఒక పాఠమంటే ప్రాణం. పక్షిని చూసి విమానం చేశారు. చేపను చూసి పడవ ముక్కు చెక్కారు. మనిషి చేసిన ప్రతి పనిముట్టుకీ సృష్టిలో ముందే ఒక నమూనా ఉంది, ఆ నమూనా గీసింది దేవుడు అని పిల్లలకి చెబుతాను. నమ్మిందే చెబుతాను. గిజిగాడి గూడు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు గర్భగుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. ఈ సంగతే కిందటేడు ఒక మాసపత్రికలో వ్యాసంగా కూడా రాశాను. బాగుందని నలుగురు ఉత్తరాలు రాస్తే పొంగిపోయాను కూడా.

నా దగ్గర చదువుకున్న రత్నం పెళ్ళయ్యాక చోడవరంలో ఉంటోంది. మాఘమాసంలో దాని ఉత్తరం వచ్చింది. "టీచర్, చీడికాడ వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో చెదపుట్టను చూసి బెల్లం పొయ్యి కట్టారట. పొగే రాదట. మీరు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మీరు వచ్చి చూడాల్సిందే" అని రాసింది. ఆదివారానికి అటూ ఇటూ సెలవు కలుపుకుని బయల్దేరాను.

అనకాపల్లి

తెల్లారుతుండగా రైలు దిగాను. ఆ ఊరు ముందు ముక్కుకి తెలిసింది, తర్వాత కంటికి. గాలంతా బెల్లం వాసన. బళ్ళ మీద బెల్లం దిమ్మలు గోనెలు కప్పుకుని వరసగా వెళుతున్నాయి. ఒక్కో దిమ్మ మా వైపు బెల్లం అచ్చులకి పదింతలుంటుంది. హోటల్లో రెండు ఇడ్లీ అణా. కాఫీ తెమ్మంటే, "పంచదారా, బెల్లమా?" అని అడిగాడు సర్వరు. మా కాకినాడలో ఇంటికొచ్చినవాళ్ళకి బెల్లం కాఫీ ఇస్తే నామర్దా. పంచదార అన్నాను. అతను నన్నొక మాటు ఎగాదిగా చూశాడు.

"ఇంత దూరం వచ్చి మీరు పంచదారే తాగుతారేటమ్మా?"

సిగ్గుపడి బెల్లమే తెమ్మన్నాను. బాగుంది. ఆ ముక్క ఒప్పుకోవాలి.

బస్సుకి ఇంకా గంట ఉంది. స్టాండు పక్కన రేకుల దుకాణంలో ఒక ముసలి సాయిబు బోర్లించిన పెద్ద ఇనప పెనం మీద అతుకు వేస్తూ కూర్చున్నాడు. ఆ పెనంలో నాలాంటి మనుషులు ఇద్దరు పడుకోవచ్చు. చెరకు రసం కాచి బెల్లం వండేది ఇలాంటి వాటిలోనేనట. పేరు ఖాదర్. ఎక్కడికని అడిగాడు. చెదపుట్ట పొయ్యి చూడ్డానికని చెప్పాను. సుత్తి కింద పెట్టేశాడు.

"ఆ పొయ్యి నాకు ఎరికే అమ్మా. కిందటేడు అది వచ్చేక ఆ ఊరి పెనాలు నా దగ్గరికి రావడం మానేసేయి. మంట అడుగంతా సమంగా తగుల్తాది, ఎక్కడా మాడదు. నాకు పని తగ్గిపోయింది." ఆ మాట నవ్వుతూనే అన్నాడు.

"ఎవరు కట్టారు?"

"పైడమ్మని, మంటెయ్యడానికి కూలికొచ్చే మనిషి. కానీ ఇదిగో, ఇది ఆ ఊరి పెనమే." బొక్క పడిన అడుగు చూపించాడు. "నెలన్నర నించి మళ్ళీ మాడిన పెనాలు వస్తన్నాయి. ఆ పొయ్యికి పూజలు సేస్తన్నారంట. నేను సాయిబుని, మీ పూజల సంగతి నాకెందుకు గానీ, పొయ్యి అన్నాక అందులో నిప్పుండాలి కదమ్మా?"

అప్పుడు నాకా మాట అర్థం కాలేదు. ఊరికే నవ్వి బస్సెక్కాను.

చోడవరం

బస్సులో పక్కామె బుట్టలోంచి ఒక కోడిపెట్ట తల బయటపెట్టి, దారిపొడుగునా నా చీర అంచు పీకుతూనే ఉంది. "అది మంచి గుంటేనమ్మా, ఏటీ సెయ్యదు" అందామె. గుంట అంటే అక్కడ పిల్ల. దిగేసరికి అంచు జానెడు లేచిపోయింది. మంచి గుంట!

రత్నం భర్త పోస్టాఫీసులో గుమాస్తా. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చెంబుడు చెరకు రసం చేతికిచ్చారు. మా వైపు ఎండనపడి వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇస్తాం. ఇక్కడ గానుగాడే రోజుల్లో రసమే. మధ్యాహ్నం పనసపొట్టు కూర, ఆవ పెట్టి. ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాను.

భోజనాలయ్యాక రత్నం కొంచెం మొహమాటపడుతూ చెప్పింది.

"టీచర్, నేను ఉత్తరం రాసినప్పుడు నాకు సగమే తెలుసు. ఆ పొయ్యి ఇప్పుడు వెలిగించడం లేదట. పట్నం నుంచి ఒక ఉపన్యాసకులు వచ్చి, అది దేవుడి సృష్టి, మనుషులు తాకకూడదన్నారట. రేపు సాయంత్రం మళ్ళీ ఆయన సభ ఉంది."

ఆ ఉపన్యాసకుడి పేరు ఇక్కడ రాయను. ఆయనకి ఉన్న పేరు చాలు.

ఎడ్లబండి దిగిన చోట

మర్నాడు ఉదయం ఎడ్లబండిలో బయల్దేరాం. దారికి రెండు పక్కలా చెరకు మనిషెత్తు దాటి ఉంది. దూరంగా చీడికాడ కొండలు. ఊరి బయట చెరకు తోటల మధ్య రెండు పాకలు కనిపించాయి. ఒకదానిలోంచి నల్లటి పొగ పాకకప్పంతా కమ్ముకుని బయటికి వస్తోంది. రెండోదానిలోంచి ఏమీ రావడం లేదు. చెదపుట్ట పొయ్యి ఆ రెండోదని నాకు చెప్పక్కర్లేకపోయింది.

లోపలికెళ్ళాను. నేలలోకి తవ్విన పొయ్యి. దాని వెనక పాకకప్పు దాటేంత ఎత్తున, పైకి పోను పోను సన్నబడుతూ, అచ్చం పుట్టలాగే మట్టి గొట్టం. కట్టుబడి చూసి నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అంత ముచ్చటగా ఉంది. కానీ ఆ గొట్టానికి కిందనుంచి పైదాకా పసుపు, జానెడు జానెడు బొట్లు, బంతిపూల దండలు. పొయ్యి నోట్లో ప్రమిదలు. చుట్టూ వెదురు దడి. దడికి ఒక రేకు కట్టి, దాని మీద సున్నంతో "తాకరాదు" అని రాశారు.

పెనం లేదు. మంట లేదు. చెరకు నరికే రోజుల్లో, చల్లటి పొయ్యి!

పక్క పాకలో పాత పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి చెరకు పిప్పి ఎగదోస్తూ కూర్చుంది. రసం తీసేశాక మిగిలిన పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. పొగలో ఆమె మొహం ముందు కనిపించలేదు. దగ్గు వినిపించింది. దగ్గరికెళ్తే ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని ఉంది. కుడి కన్ను చింతనిప్పులా ఉంది.

ఆమే పైడమ్మ.

"ఆ పొయ్యి కట్టింది నువ్వేనా?" అని అడిగాను.

"నానే. ఏటి, నువ్వూ దండం ఎట్టుకోడానికొచ్చేవా?"

"లేదు. ఎలా కట్టావో తెలుసుకుందామని వచ్చాను."

ఆమె పిప్పి కట్ట పక్కన పెట్టి నన్ను ఒంటికంటితో చూసింది. "ఈ మాట నన్నడిగినోళ్ళు నువ్వొక్కదానివే తల్లీ" అంది.

పైడమ్మ చెప్పింది

ఆమె పదేళ్ళ నుంచి పొయ్యిలో మంట వేస్తోంది. భర్త పోయి చాలా కాలమైంది. రెండేళ్ళ కిందట చలికాలంలో, తెల్లారగట్ల కొండవార పుల్లలేరుకోడానికి వెళ్ళినప్పుడు ఒక చెదపుట్ట కొన నుంచి ఆవిరి లేవడం చూసింది.

"పాము గావాలని బయపడ్డాను. పాముకి ఆవిరుంటాదేటి? పైన సెయ్యెట్టి సూసేను, ఎచ్చగున్నాది. కిందని సిన్న సిన్న బెజ్జాలున్నాయి. బూరుగు దూది పింజ ఒకటి అక్కడెట్టేను. లోపలికి లాగీసుకున్నాది! ఎవులూ ఊదకండా, ఎవులూ ఇసరకండా, గాలి కిందనించెళ్ళి మీదనించొస్తన్నాది. నానేమో పదేళ్ళ నించి గొట్టంతో ఊదూది సస్తన్నాను. సెదపురుగుకున్న సుకం నాకు లేదేటి అనుకున్నాను."

నేను పద్దెనిమిదేళ్ళు చెప్పిన పాఠం ఒక్క దూదిపింజతో ఎవరైనా చెప్పగలరని నాకు అంతవరకు తెలియదు. కళ్ళు చెమర్చాయి. పొగ కూడా ఉందనుకోండి.

"అది చూసి అలాగే కట్టేశావా?"

"అలగే కడితే పనవుతాదేటమ్మా? సెదపురుగుకి పెనం లేదు కదా. బెల్లం వండదు కదా. ముందు పొయ్యి మీదే గొట్టం నిలబెట్టేను. మంటంతా మీదకెగిరిపోనాది, పెనం సల్లగా ఉండిపోనాది. మరి గొట్టాన్ని పెనానికి అవతల ఎట్టేను. మంట పెనం కిందనించి పాకుతా ఎళ్ళాలి గదా. అప్పుడు పాకం మాడిపోనాది. కామందు కొట్టడానికొచ్చేడు. కింద బెజ్జాలు సగం మూసేను. మరి గొట్టం పగిలిపోనాది. మట్టిలో ఊక, పాకం మీద తీసీసిన మడ్డి కలిపి తొక్కేను. అప్పటికి నిలబడ్డాది. అయిదు మాట్లు కట్టేను, నాలుగు మాట్లు పడిపోనాది."

అరచేతులు చూపించింది. రెండింటి మీదా కాలిన మచ్చలు.

కిందటేడు సీజనంతా ఆ పొయ్యి మండింది. పిప్పి తక్కువ పట్టేది. కాస్త తడిసిన పిప్పయినా అంటుకునేది. పొగంతా గొట్టం మీదుగా పోయేది. ఈ ఏడు గానుగాట మొదలైన వారానికి ఆ ఉపన్యాసకుడు దిగాడు. అంతే, దడి కట్టేశారు. ఆమెని మళ్ళీ పాత పొయ్యి ముందు కూర్చోబెట్టారు.

"మరి కంటికేమైంది?"

"మూడు వారాలయ్యిందమ్మా. పిప్పి తడిగున్నాది. లోపల పొగ బిగిసి ఒక్క మాటే భగ్గుమని ఎనక్కొచ్చింది. నిప్పు కంట్లో పడింది. ఆవుదం రాసేను. తగ్గుతాదిలే."

గుడ్డ తీయించి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు పరుచుకుంటోంది.

నా జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. పొగ లేని పొయ్యి పది గజాల దూరంలో పూలదండలు వేసుకుని కూర్చుంది. దాన్ని కట్టిన మనిషి ఈ పొగలో కన్ను పోగొట్టుకుంటోంది. దీనికి భక్తి అని పేరు పెట్టారు!

సభ

తిన్నగా ఆ రెండు పాకల కామందు దగ్గరికి వెళ్ళాను. పేరు సన్యాసినాయుడు. చెడ్డమనిషిలా కనిపించలేదు. అదే నా కోపానికి ఇంకా ఆజ్యం పోసింది. అరుగు మీద చాప వేయించి, కొబ్బరి బొండం కొట్టించాడు.

"నాకు మాత్రం తెలీదేటమ్మా, ఆ పొయ్యి మంచిదని? కానీ అంత సదువుకున్నాయన దేవుడన్నాక, ఊరంతా పసుపు రాసేక, మరి నేను నిప్పెడితే నా పిల్లలకేటన్నా అయితే?" అన్నాడు.

"పైడమ్మ కన్ను పోతోంది, అది కనబడలేదా?"

"డబ్బులిస్తానన్నాను మందుకి." తల దించుకున్నాడు.

నాలుగింటికి సభ. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చారు. దడి ముందు బల్ల, కుర్చీలు. ఉపన్యాసకుడు పట్టు కండువా సవరించుకుని లేచాడు. గుడ్డ మీద వేసిన బొమ్మలు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. గద్ద, దాని పక్కన విమానం. చేప, దాని పక్కన ఓడ. చక్కగా మాట్లాడతాడు, ఆ మాట దాచను. మొదటి పావుగంట నేనూ తల ఊపాను. నేను క్లాసులో చెప్పే మాటలే అవి.

తర్వాత పొయ్యి వైపు చెయ్యి చాపాడు.

"దీన్ని మానవమాత్రులు కట్టలేదు. అక్షరమ్ముక్క రాని ఒక కూలిదానికి ఇంత శాస్త్రం ఎలా తెలుస్తుంది? పరమాత్మ ఆమె చేత కట్టించాడు. ఆమె ఉలి. శిల్పి ఆయన. ఎక్కడైనా ఉలికి సన్మానం చేస్తామా?"

జనం చప్పట్లు కొట్టారు. పైడమ్మ పాక గుంజని ఆనుకుని నిలబడి వింటోంది.

అంతటితో ఊరుకోలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "ఒక విదుషీమణి ఏం రాశారో వినండి: మనిషి సొంతంగా చేసింది ఏదీ లేదు. భగవంతుడు రాసిన పాఠాన్ని చూసి రాసుకోవడమే అతని పని."

అది నా వ్యాసం. నా వాక్యం. రాసినరోజు దాన్ని మూడుసార్లు పైకి చదువుకుని మురిసిపోయిన వాక్యం.

లేచి నిలబడ్డాను.

"ఆ మాట రాసింది నేనే. అది తప్పు" అన్నాను. జనం వెనక్కి తిరిగారు. "చెదపుట్ట దేవుడు చేసిందే. ఆ నమ్మకం నాకు మీకంటే తక్కువేం లేదు. కానీ ఆ పుట్టలో పెనం లేదు, మంట లేదు. మంటని పెనం కిందకి మళ్ళించింది పైడమ్మ. నాలుగుసార్లు పడిపోతే అయిదోసారి కట్టింది పైడమ్మ. చూసి రాసుకోవడమైతే మొదటిసారే నిలబడేది. దేవుడు ఉలి చేయదలుచుకుంటే ఇనుముతో చేసేవాడు. ఆమెకి బుద్ధి ఎందుకిచ్చాడు?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈ రాత్రికి కూడా నాకు నిద్ర పట్టదు.

"సోదరి దేవుణ్ణి శంకిస్తున్నారు."

"దేవుణ్ణి కాదండీ, మిమ్మల్ని."

నలుగురైదుగురు నవ్వారు. అంతలోనే ఎవరో "కూకోండమ్మా, ఆడోళ్ళకెందుకు?" అన్నారు. ఇంకెవరో హారతి అన్నారు. గంట, శంఖం అందుకున్నారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పక్కనున్న రత్నానికి కూడా నా మాట వినపడలేదట.

నా ప్రసంగం ఒక్కరిని కూడా కదిలించలేదు. ఇది కూడా రాయాలి. తర్వాత జరిగింది నావల్ల జరగలేదు.

వాన

ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోయాం. తెల్లవారేసరికి కాలంకాని వాన. పెద్దది కాదు, సన్నగా, విడవకుండా. నా చెప్పు ఒకటి పాకకి వెళ్ళే బురదలో దిగబడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. రెండోదీ విడిచేసి ఉత్తికాళ్ళతో వెళ్ళాను.

పాక దగ్గర గోలగా ఉంది. వానకి ముందే గానుగాడి రెండు పెనాలకి సరిపడా రసం తీసి ఉంచారు. చెరకు రసం ఆగేది కాదు. ఎండ రాకపోయినా మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పులిస్తే బెల్లం కట్టదు. పిప్పి కుప్పలన్నీ పైన తడిసిపోయాయి. పాత పొయ్యిలో ఎంత దోసినా పొగే తప్ప మంట లేదు. ఇద్దరు మగవాళ్ళు ఊదలేక దగ్గుతూ బయటికొచ్చేశారు.

సన్యాసినాయుడు గొడుగు లేకుండా వచ్చి పైడమ్మ ముందు నిలబడ్డాడు.

"ఒసే పైడమ్మా, ఆ పొయ్యి అంటుకుంటాదేటే?"

పైడమ్మ కదల్లేదు. "ఏ పొయ్యి బాబూ?"

"నీకు తెల్దా? అదే."

"అది పొయ్యి కాదంట కదా, దేవుడంట. తాకకూడదంట. రేకు మీద రాసేరు. నాకు సదువు రాదు గానీ, రాసింది ఏటో సెప్పేరు."

నాయుడు తడిసిన పిప్పి కుప్పల వంక చూశాడు.   అప్పుడు పైడమ్మ లేచింది.

"దడి నువ్వే పీకాల. నాను పీకను. నీ సేత్తో కట్టేవు. ఇంకో మాట. ఈ పాత పొయ్యి పడగొట్టీసి ఇక్కడా అలాటిదే కడతాను. మట్టి, మనుసులు నువ్వియ్యాల. ఇందులో మళ్ళీ నానే కాదు, ఎవులూ కూకోకూడదు. సరే అంటేనే నిప్పెడతాను."

"సరేనే. సరే."

"అందరి ముందూ అను."

అన్నాడు. అనేసి వెళ్ళి రెండు చేతులతో దడి పీకి అవతల పారేశాడు. మగవాళ్ళు పెనం ఎత్తుకొచ్చి పెట్టారు. ప్రమిదలు తీసి, నేనూ రత్నం పొయ్యి నోరు శుభ్రం చేశాం. ఆ బూడిద నా చీరకి అంటిన మరక ఇంకా వదల్లేదు. వదిలించాలని నాకూ లేదు.

అంతలో ఉపన్యాసకుడు ఎవరిచేతో గొడుగు పట్టించుకుని వచ్చాడు. "నాయుడూ, ఇది అపచారం!" అన్నాడు.

నాయుడు వెనక్కి తిరగలేదు. "రసం పులిసిపోతాది బాబూ" అన్నాడు, అంతే.

పైడమ్మ లోపల పొడిగా మిగిలిన పిడికెడు పిప్పి అంటించి, మీద తడి పిప్పి పలచగా పరిచింది. కింద బెజ్జాల్లో ఒకటి మట్టితో మూసి, రెండోది వేలితో తెరిచింది. బుస్సుమని చప్పుడొచ్చింది. మంట పెనం కిందనుంచి పాకుతూ వెళ్ళి గొట్టంలోకి మళ్ళింది. పసుపు రాసిన మట్టి మీద ముందు ఆవిరి లేచింది. తర్వాత గొట్టం కొన నుంచి సన్నటి పొగ, పాకకప్పుకు పైన, వానలోకి. మా మొహాలకి వెచ్చదనం తప్ప ఇంకేం తగల్లేదు. పావుగంటలో రసం మరిగింది.

జనం "ఓహో" అన్నారు. వెంటనే ఆ ఉపన్యాసకుడు చేతులెత్తాడు. "చూశారా! తడి పిప్పి మండించిన ఆ మహిమ ఎవరిది? ఆ సృష్టికర్తది కాదా?"

నేను నోరు తెరవబోయాను. పైడమ్మ నన్ను చేత్తో ఆపింది. కంటి గుడ్డ విప్పి, పాక బయట వానలో ఉన్న ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అవును బాబూ, ఆయనదే. కాదన్లేదు. సెదపురుగుకి గూడు కట్టడం ఆయనే నేర్పేడు. దాన్ని సూడమని నాకు రెండు కళ్ళిచ్చింది కూడా ఆయనే. నువ్వు ఆ పుట్టకి పసుపు రాసేవు, ఈ కంటికి పొగెట్టేవు. రెండూ ఆయన సేసినవే అయితే, ఒకదానికి దండం ఏటి, ఒకదానికి దండన ఏటి?"

 గొడుగు పట్టుకున్నవాడు దాన్ని తీసుకెళ్ళి పైడమ్మ మీద పట్టాడు. ఆయన తడుస్తూ తను దిగిన ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బండికి ఊరు విడిచాడని విన్నాను.

విశాఖపట్నం

మర్నాటికి వాన వెలిసింది. పైడమ్మని కంటి డాక్టరుకి చూపించకుండా నేను తిరిగి వెళ్ళనన్నాను. వద్దంది, పనుందంది. రత్నం, నేను చెరో చెయ్యీ పట్టుకుని చోడవరం తీసుకొచ్చాం. రత్నం అక్కడే ఆగిపోయింది. మేమిద్దరం విశాఖపట్నం బస్సెక్కాం. పైడమ్మ ఎప్పుడూ ఆ ఊరు చూడలేదు. బస్సులో కొంగు ముడి విప్పి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తీసింది. సత్తుగిన్నెలో చోడి అంబలి, అంటే రాగి జావ. నాకూ పెట్టింది. పుల్లగా, చల్లగా ఉంది. మా ఇంట్లో ఎవరూ తాగరది. నేను గిన్నె అడుగు దాకా తాగాను.

సముద్రం కనిపించగానే, "ఇంత నీరుండి ఒక్క బొట్టు తాగడానికి లేదంటే ఎవులి తప్పో" అంది. అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. దీపం వేసి చాలాసేపు చూశాడు. నన్ను పక్కకి పిలవబోతే, పైడమ్మ, "నా కన్ను సంగతి నాకు సెప్పు బాబూ" అంది.

"ఎడమ కన్ను రాదమ్మా" అన్నాడు. "కుడి కన్ను బాగుంది. పొగకి దూరంగా ఉంటే ముసలితనం దాకా పనిచేస్తుంది. ముందే వచ్చి ఉంటే..." అని ఆపేశాడు.

ముందే అంటే మూడు వారాల ముందు. ఆ పొయ్యి మండుతూ ఉంటే అసలు రావాల్సిన అవసరమే ఉండేది కాదు. అది ఆ డాక్టరుకి తెలియదు. నాకు తెలుసు. నా వాక్యం జేబులో పెట్టుకుని తిరుగుతున్న ఆ మనిషికి తెలుసో లేదో నాకు తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆమెకి అర్థమయ్యేలా డాక్టరు గోడ మీద బొమ్మ చూపించాడు. "కన్ను కెమెరా లాంటిదమ్మా. ఫోటోలు తీస్తారు చూడు, అది. ముందు అద్దం మసకైపోయింది."

"ఆ పోటోల పెట్టి మనుసులు సేసిందేనా?"

"అవును. కన్ను ఎలా ఉందో తెలుసుకునే, అలా చేశారు."

"అయితే ఆ పెట్టిని సూసి మళ్ళీ కన్ను సేసినోళ్ళు ఎవులైనా ఉన్నారా బాబూ?"

డాక్టరు నా వైపు చూశాడు. సైన్సు టీచర్ని కదా, ఏదైనా చెబుతానని కాబోలు. నేను నేల చూపులు చూశాను.

"ఇంకా లేరమ్మా" అన్నాడు.

 పైడమ్మ ఏడవలేదు. కొంగుతో కుడి కన్ను ఒత్తుకుని లేచి నిలబడింది. వరండాలోకి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుంది.

"సోడవరం బస్సు ఎన్నింటికమ్మా?"

"ఈ పూటకి ఇక్కడే ఉందాం. అలిసిపోయావు."

"వొద్దమ్మా. దేవరాపల్లి నించి ఒకావిడ కబురెట్టింది, పొయ్యి కట్టమని. మంటేసే ఆవిడే. ఆవిడికి రెండు కళ్ళూ ఇంకా బాగున్నాయంట. ఆలీసం సెయ్యకూడదు."